సంగీతంలో థీసిస్: చెవికి తెలిసింది కాగితం మీద నిలవాలంటే

సంగీత శాఖలకు వచ్చే పరిశోధన ప్రతిపాదనలు ఓ నాలుగు వరసగా చదివితే శీర్షికలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ‘ఫలానా జిల్లా సంగీత వైభవం – ఒక పరిశీలన’. ‘ఫలానా వాగ్గేయకారుల కృతులు – సమగ్ర అధ్యయనం’. అధ్యాయాలదీ అదే తీరు. సామవేదంతో మొదలుపెట్టి, భరతుణ్ణీ శార్‌ఙ్గదేవుణ్ణీ పలకరించి, వెంకటమఖి దగ్గర కాసేపు ఆగి, జీవిత చరిత్ర చెప్పి, కృతుల పట్టిక వేసి, ‘ఎనలేని సేవ చేశారు’ అని ముగిస్తారు. రాసినవాళ్లకు సంగీతం రాదనుకోవడానికి లేదు. చాలామంది గాత్రంలోనో వీణలోనో డిప్లొమా చేసి, ఏళ్ల తరబడి కచేరీలు చేస్తున్నవాళ్లే. చిక్కల్లా ఒక్కచోటే ఉంది. చెవికి ఇట్టే తెలిసిపోయే సంగతిని, అది వినని మనిషి కూడా సరిచూసుకోగలిగే రుజువుగా ఎలా మార్చాలో మన పాఠ్యక్రమాల్లో ఎక్కడా నేర్పరు. థీసిస్‌లో కష్టమంతా ఈ మార్పిడిలోనే ఉంటుంది, రాత తర్వాతి సంగతి.

ఇది గాల్లో చెబితే అర్థమయ్యే విషయం కాదు కాబట్టి గోదావరి డెల్టాకు బాగా తెలిసిన సరుకునే ఉదాహరణగా తీసుకుందాం. అది పద్యనాటకంలో పద్యం పాడే తీరు. తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లో కడియంలో, దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో యండగండిలో పుట్టారు. వాళ్ల పాండవ నాటకాల పద్యాలు నోటికి రాని పాతతరం ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. అత్తిలి, బిక్కవోలు షష్ఠి తీర్థాల నుంచి శివరాత్రి పందిళ్ల దాకా ఈ పద్యాలే మోగాయి. అయినా సంగీతపరంగా వీటిమీద జరిగిన పని కర్ణాటక కృతుల మీద జరిగినదానిలో పిసరంత కూడా ఉండదు. పరిశోధకులకు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

నిబంధనలు, క్లుప్తంగా

ఎంఏ చివరి సెమిస్టరులో రాసే లఘు సిద్ధాంత వ్యాసం వేరు, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం వేరు. మొదటిది ఒక పద్ధతి ప్రకారం పని చేయగలరని చూపిస్తే చాలు. రెండోది ఇంతకుముందు లేని ఒక మాట చెప్పాలి, దాన్ని నిలబెట్టాలి. ఎంఫిల్‌ను యూజీసీ ఎత్తేసింది. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్సువర్కుతో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. ఆపైన మళ్లీ నమోదు చేయించుకుంటే 2 ఏళ్లు, మహిళలకు అదనంగా ఇంకో 2 ఏళ్లు వెసులుబాటు ఉంది. కోర్సువర్కుకు కనీసం 12 క్రెడిట్లు. ఆరునెలలకొకసారి సలహా సంఘం ముందు కూర్చుని ఏం చేశారో చెప్పాలి. ఆ ఆరునెలల సమావేశాన్ని మొక్కుబడిగా కానిచ్చేయకండి. నమూనా రికార్డింగు ఒకటి వినిపించి, దాని స్వరలేఖనం చూపిస్తే, ఆ గదిలో అడిగే ప్రశ్నలే రేపు వైవా (మౌఖిక పరీక్ష)లోనూ అడుగుతారు.

డెల్టా విద్యార్థులు ఎక్కువగా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు చూస్తారు. తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలోనూ సంగీత శాఖ ఉంది. పర్యవేక్షకులను ఎంచుకునేటప్పుడు వారి కచేరీ పేరును కాక, వారి దగ్గర ఇప్పటికే సమర్పించిన థీసిస్‌లను చూడండి. దేశంలోని థీసిస్‌లను ఉంచే ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో అవి దొరుకుతాయి.

అంశం ఎందుకు జారిపోతుంది

‘గోదావరి బాణీ’ అనే మాట వినడానికి ఎంతో బాగుంటుంది, థీసిస్‌లో మాత్రం కాళ్లకు చుట్టుకుంటుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో శంకరగుప్తంలో పుట్టారు. కానీ గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర చదువు సాగింది విజయవాడలో. ఈమని శంకరశాస్త్రి పుట్టింది ద్రాక్షారామంలో, పేరొచ్చింది మద్రాసు, ఢిల్లీల్లో. ఆయన శిష్యుడు చిట్టిబాబుది కాకినాడ, వాదన జీవితం మద్రాసుది. నేదునూరి కృష్ణమూర్తి పిఠాపురం దగ్గర కొత్తపల్లివారు, చదువు విజయనగరంలో, ఆపైన శ్రీపాద పినాకపాణి గారి ఒరవడి. వీళ్లందరినీ ఒక పేజీలో చేర్చి ‘గోదావరి సంగీతం’ అంటే పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్నకే గాలి పోతుంది: ఇందులో గోదావరిది ఏది? పుట్టిన ఊరు శైలికి రుజువు కాదు. బాణీ ఉందని అనాలంటే ఇక్కడివాళ్లు చేసేది, బయటివాళ్లు చేయనిది, వినిపించగలిగిన ఒక లక్షణం చూపించాలి. అంటే పోలికకు బయటి గాయకులు కూడా కావాలి. ఈ పోలిక లేకుండా ప్రాంతీయ శైలి మీద రాసిన అధ్యాయాలు ప్రశంసాపత్రాలుగా మిగిలిపోతాయి.

పద్యనాటకం విషయంలోనూ ‘పద్యనాటక గానంలో రాగ వినియోగం’ అనుకుంటే అది పదిమంది చేయాల్సిన పని. దాన్ని ప్రశ్నగా మార్చి చూడండి. పద్యానికి తాళం లేదు, ఛందస్సు మాత్రం ఉంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, భ ర న భ భ ర వ గణాలు, పదో అక్షరం యతి, మొత్తం 28 మాత్రలు. చంపకమాలకు 21 అక్షరాలు, పదకొండో అక్షరం యతి, మాత్రలు మాత్రం అవే 28. శార్దూలం, మత్తేభం 30 మాత్రలకు వస్తాయి. నటుడు పాడేటప్పుడు ఈ మాత్రల లెక్క పాటించడు. కొన్ని అక్షరాలు దొర్లించేస్తాడు, కొన్నిటి దగ్గర నిలిచి రాగం తీస్తాడు. ఆ నిలిచే చోట్లు యతి దగ్గర వస్తున్నాయా, అర్థం ముగిసే చోట వస్తున్నాయా, ఊపిరి తీసుకోవడానికి వీలైన చోట వస్తున్నాయా, హార్మోనిస్టు అందుకోవడానికి వదిలిన చోట వస్తున్నాయా?

ఇదీ ప్రశ్న. దీనికి జవాబు అవును, కాదు, ఫలానా గాయకుడికి అవును అని ఎలాగైనా రావచ్చు. ముందే జవాబు తెలిసిన అంశం పరిశోధనకు పనికిరాదు. ‘వైభవం’ అన్న మాట శీర్షికలో ఉందంటే జవాబు ముందే రాసేసినట్టే.

ఇప్పుడు లెక్క వేయండి. ముగ్గురు గాయకులు, నాలుగు ఉత్పలమాలలు, ఒక్కొక్కటి రెండుసార్లు. మొత్తం 24 గానాలు, 96 పాదాలు, 1920 అక్షరాలు. పీహెచ్‌డీలో ఒక ప్రధాన అధ్యాయానికి ఇది చేతినిండా పని. ఎంఏ వ్యాసానికైతే ఒక్క పద్యం, ముగ్గురు, రెండుసార్లు: 480 అక్షరాలు చాలు. రెండుసార్లు ఎందుకంటే, ఒక్కసారి విని ఇది ఆయన మట్టు, అంటే పద్యం పాడే వరస, అని చెప్పలేం. రెండుసార్లూ ఒకేచోట నిలిస్తే అది నేర్చుకున్న మట్టు, చోటు మారితే ఆ పూట తోచిన సంగతి. ఈ తేడా తెలియకుండా రాసిన విశ్లేషణ ఇసుక మీద కట్టినట్టే.

పాత ఆధారాలకు వాటి పరిమితులున్నాయి

శోధ్‌గంగలో వెతికేటప్పుడు ఒక్క స్పెల్లింగుతో ఆగకూడదు. పద్యనాటకం, పద్య నాటకం, పద్యనాటకము, రంగస్థల పద్యం, పౌరాణిక నాటకం, ఇవన్నీ తెలుగులోనూ ఇంగ్లీషు లిపిలోనూ విడివిడిగా కొట్టి చూడాలి. పాత తెలుగు థీసిస్‌లు చాలావరకు స్కాను చేసిన బొమ్మలు, లేదా యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసినవి. లోపలి మాట వెతుకుడికి చిక్కదు, విషయసూచిక తెరిచి కళ్లతోనే చూసుకోవాలి. సంగీత శాఖలవే కాక తెలుగు, రంగస్థల శాఖల థీసిస్‌లు కూడా చూడాలి. ఈ అంశం మీద ఉన్న పనిలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది.

రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలాంటి చోట్ల పాత నాటక ప్రతులు దొరుకుతాయి. వాటిలో పాట మీదో పద్యం మీదో రాగం పేరు వేసి ఉంటే సంబరపడిపోకండి. అది అచ్చువేసిన నాటి సూచన మాత్రమే. రంగం మీద అదే పాడారని దాన్నిబట్టి చెప్పలేం.

గ్రామఫోను రికార్డులు అంతకంటే విలువైనవి, అంతకంటే ప్రమాదకరమైనవి కూడా. పది అంగుళాల 78 రికార్డు ఒక వైపు ఇంచుమించు మూడు నిమిషాలే. అందులో పద్యం పట్టాలంటే రాగం కత్తిరించక తప్పదు. కాబట్టి రికార్డులో ఆలాపన పొట్టిగా ఉందని, ఆ రోజుల్లో పొట్టిగా పాడేవారని తేల్చకూడదు. ఇంకొకటి వేగం. 78లో చేసిన రికార్డును 80లో తిప్పి డిజిటల్‌కు ఎక్కిస్తే శ్రుతి దాదాపు 44 సెంట్లు (హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు), అంటే అరమెట్టుకు కొంచెం తక్కువ, పైకి జరుగుతుంది. లయ కూడా రెండున్నర శాతం పెరుగుతుంది. అయితే షడ్జం, గాంధారం, పంచమం అన్నీ ఒకే నిష్పత్తిలో జరుగుతాయి కాబట్టి స్వరాల మధ్య అంతరాలు చెక్కుచెదరవు. అంటే పాత రికార్డు నుంచి రాగం గురించి ధైర్యంగా మాట్లాడవచ్చు. ఫలానా ఆయన ఇంత శ్రుతిలో పాడేవారని మాత్రం రాయకూడదు.

ఆకాశవాణి భాండాగారం సంగతికొస్తే, హార్మోనియాన్ని ఆకాశవాణి 1940లో నిషేధించింది. 1971లో గానీ ఆ పట్టు సడలలేదు. విజయవాడ కేంద్రం మొదలైంది 1948లో. రేడియో రికార్డుల్లో హార్మోనియం పెద్దగా వినిపించకపోతే, నాటకంలో దాని పాత్ర తక్కువని కాదు. స్టూడియో గుమ్మం దాటనివ్వలేదంతే. రంగం మీద మాత్రం పెట్టె లేకుండా తెర లేచేది కాదు.

రికార్డింగు: ఇక్కడే ఎక్కువ పాడవుతుంది

ఫోను జేబులో ఉంది కదా అని దానితోనే కానిచ్చేస్తారు. ఫోను చేసే చెడుపు ఏమిటంటే, శబ్దం చిన్నదైతే తనంతట తానే పెంచుతుంది, పెద్దదైతే తగ్గిస్తుంది. పద్యంలో నటుడు గొంతు తగ్గించి మళ్లీ ఎత్తే ఆ ఎగుడుదిగుడంతా చదునైపోతుంది. చిన్న రికార్డరు ఒకటి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫార్మాట్‌లో పెట్టుకోవాలి. స్టీరియోలో నిమిషానికి 17 ఎంబీ పైచిలుకు, గంటకు ఒక జీబీ అవుతుంది. కాబట్టి 32 జీబీ కార్డు ఒక పర్యటనకు ధారాళంగా సరిపోతుంది. రికార్డింగు మట్టం పెట్టేటప్పుడు గాయకుణ్ణి పద్యంలో అన్నిటికంటే పైస్థాయి ఎత్తుగడ ముందుగా పాడించి, అది మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకోండి. మామూలు మాటలతో మట్టం సరిచేస్తే, తారస్థాయి అందుకోగానే శబ్దం చిట్లుతుంది. చిట్లిన రికార్డును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. వాట్సాప్‌లో పంపుకోవడం కూడా పనికిరాదు. తప్పనిసరైతే డాక్యుమెంటుగా పంపాలి.

హార్మోనియం, గొంతు ఒకే మైకులో పడితే తర్వాత శ్రుతి కొలిచే సాఫ్ట్‌వేరు గొంతును వదిలి పెట్టె వెంట పోతుంది. అందుకని రెండు చానళ్లు వాడాలి. గాయకుడి చొక్కాకు చిన్న మైకు ఒకటి, హార్మోనియం దగ్గర రెండోది. ఇలా ముందు పూర్తిగా రంగస్థల పద్ధతిలో పాడించాలి. తర్వాత అదే పద్యం శ్రుతిపెట్టె మాత్రమే ఆరడుగుల దూరంలో సన్నగా పెట్టి ఇంకోసారి పాడించాలి. మొదటిది రుజువు, రెండోది కొలతకు. ఈ రెండో గానాన్ని పైన చెప్పిన రెండుసార్లలో కలపకూడదు. పెట్టె లేకపోతే నటుడు నిలిచే చోట్లు మారతాయి. మారిన తీరు కూడా ఒక సమాచారమే.

ఇంకో పని చాలామందికి తట్టదు. పాట అయ్యాక హార్మోనిస్టు గారిని బతిమాలి, ఒక్కొక్క మెట్టూ అయిదు సెకన్లపాటు నొక్కించి రికార్డు చేసుకోవాలి. పాత పెట్టెల్లో రీడ్లు ఒక్కోటి పది పదిహేను సెంట్లు అటూ ఇటూ ఉండటం మామూలే. స్థాయిని పన్నెండు సమాన మెట్లుగా పంచే సమవిభాగంలో అంతర గాంధారం 400 సెంట్లు, సహజ నిష్పత్తుల లెక్కలో 386. ఈ 14 సెంట్ల తేడా మీద సిద్ధాంతం కట్టేముందు, ఆ పెట్టె గాంధారమే ఎక్కడుందో తెలియాలి కదా.

డెల్టా ఊళ్లలో నిశ్శబ్దం సంపాదించడం ఒక యజ్ఞం. సీలింగు ఫ్యాను, ఫ్రిజ్, పక్కింటి మోటారు, గుడి మైకు. కరెంటు రొద 50 హెర్ట్జ్‌ది. దాని గుణిజాలైన అనుస్వరాలు 100, 150 దగ్గర పడతాయి. ఒకటిన్నర శ్రుతిలో పాడే మగ గొంతు షడ్జం 138.6 హెర్ట్జ్. ఆ 150 దాని పక్కనే కూర్చుని కొలతను తప్పుదోవ పట్టిస్తుంది. ఫ్యాను ఆపి, మధ్యాహ్నం మూడింటికి చెమటలు కారుతూ పాడమంటే గాయకుడు రెండో పద్యానికే అలసిపోతాడు. తెల్లవారి ఆరున్నరకు పెట్టుకుంటే రెండు బాధలూ తప్పుతాయి. వర్షాకాలంలో మైకు సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేయాలి. తేమకు కండెన్సర్ మైకు చిటపటలాడుతుంది.

ఊడ్పు పాటల్లాంటివి రికార్డు చేసేవాళ్లకు కాలం కూడా కలిసిరావాలి. సార్వా ఊడ్పులు జూలై, ఆగస్టుల్లో, దాళ్వావి డిసెంబరు, జనవరుల్లో. అరుగు మీద కూర్చోబెట్టి పాడిస్తే పాట వస్తుంది, కానీ వంగి నాటే చేతుల లయ రాదు. రెండూ రికార్డు చేసి, ఏది ఎక్కడిదో రాసుకోవడమే మార్గం.

ప్రశ్నలు అడగడంలోనూ ఒక గోదావరి చిక్కుంది. ‘ఇది మోహనే కదండీ?’ అని అడిగితే పెద్దమనిషి ‘ఆయ్, అంతేనండి’ అంటారు. అది మర్యాద, అంగీకారమని రాసుకుంటే మునిగిపోతారు. ‘ఈ మట్టును మీరేమంటారండీ? ఎవరి దగ్గర పట్టారు? ఇదే మట్టులో ఇంకే పద్యం పాడతారు?’ అని అడగాలి. రాగాల పేర్లకు నటుడికంటే హార్మోనిస్టు నమ్మదగిన మనిషి. ఆయన వేళ్లకు మెట్లు తెలుసు. అయితే ఆయన చెప్పే ‘కాఫీ’, ‘బేహాగ్’, ‘భీంపలాస్’ పేర్లను వెంటనే 72 మేళాల పట్టికలో ఇరికించకండి. 1880ల్లో ధార్వాడ నాటక సమాజాలు తెలుగు నేల మీద తిరిగినప్పటి నుంచి మన రంగస్థలానికి హిందుస్తానీ వాసన ఉంది. కళాకారుడి నోట వచ్చిన పేరు ఒక గడిలో, మీరు గుర్తించిన స్వరాలు పక్క గడిలో, మీ నిర్ధారణ మూడో గడిలో ఉండాలి. మూడూ కలిపేస్తే ఏది ఎవరిదో తర్వాత మీకే తెలియదు.

అనుమతి నోటిమాటగా రికార్డులోనే తీసుకోవచ్చు, సంతకం ఉంటే ఇంకా మేలు. దేనికి వాడతారో, ఎక్కడ పెడతారో స్పష్టంగా చెప్పాలి. ప్రదర్శకుడి హక్కు మన చట్టంలో 50 ఏళ్లు. రచయిత హక్కు మరణానంతరం 60 ఏళ్లు. చెళ్లపిళ్లవారు 1950లో పోయారు కాబట్టి ఆ జంటకవుల పద్యాల పాఠానికి ఇప్పుడు ఇబ్బంది లేదు. దాన్ని నిన్న పాడిన గాయకుడి హక్కు మాత్రం నిన్ననే మొదలైంది. పారితోషికం ఇస్తే ఎంతిచ్చారో థీసిస్‌లో చెప్పండి, దాచాల్సిన విషయం కాదు.

స్వరలేఖనం

కృతికి అలవాటైన పద్ధతి ఇక్కడ నడవదు. పద్యాన్ని ఆదితాళం గళ్లలో కూరితే లేని తాళాన్ని పుట్టించినట్టవుతుంది. పరిశోధకుడి చేతిలో గీసిన నిలువు గీతలే తర్వాత ‘ఫలితం’గా బయటపడతాయి. పద్యానికి మూడు వరసలు గీయండి. పై వరసలో అక్షరాలు, గురులఘువులతో సహా. మధ్య వరసలో స్వరాలు, గమక చిహ్నాలు. కింద వరసలో సెకన్లు. హార్మోనియం అందుకున్న చోట నాలుగో వరస చేర్చవచ్చు. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఇదే అమరికను శబ్దతరంగం కిందనే గీసుకోవచ్చు. ప్రతి అక్షరం హద్దులు గుర్తుపెడితే దాని నిడివి లెక్క అదే ఇస్తుంది.

గమకాలకు సొంత గుర్తులు కనిపెట్టకండి. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగులోనే అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో కంపితం, స్ఫురితం, జారు, నొక్కు వంటివాటికి చిహ్నాలున్నాయి. అవి తీసుకుని, మొదటి అధ్యాయంలోనే పట్టిక వేసి, చాలనిచోట ఒకటో రెండో చేర్చి, చేర్చినట్టు చెప్పండి. కామా ఒక అక్షరకాలం, సెమికోలన్ రెండు అనే కర్ణాటక మర్యాద తాళం లేనిచోట అర్థం కోల్పోతుంది కాబట్టి పద్యంలో వాటిని వాడకపోవడమే మంచిది.

నిమిషం గానాన్ని ఈ మూడు వరసల్లో రాయడానికి అలవాటైన చేతికి కూడా మూడు నాలుగు గంటలు పడుతుంది. తొందరపడితే ఒకే అక్షరాన్ని సోమవారం ఒకచోట, శుక్రవారం ఇంకోచోట తెంపుతారు. అందుకే పదో వంతు పాదాలను నెల తర్వాత, పాత గుర్తులు చూడకుండా మళ్లీ గుర్తించి, రెండిటికీ తేడా ఎంతుందో థీసిస్‌లో వేయాలి. సంగీతం తెలిసిన ఇంకొకరి చేత కూడా కొన్ని చేయిస్తే దానికి తిరుగుండదు. మన శాఖల్లో ఈ పని చేసేవాళ్లు తక్కువ. చేసినవాళ్ల వైవా మాత్రం హాయిగా నడుస్తుంది.

కొలతలు ఎక్కడ మోసం చేస్తాయి

ప్రాట్ గానీ సోనిక్ విజువలైజర్ గానీ తెర మీద గీసే శ్రుతి రేఖ చూడగానే ఇక శాస్త్రం చేతికి వచ్చేసిందనిపిస్తుంది. రేఖను నమ్మేముందు హద్దులు సరిచేయాలి. మగ గొంతుకు కింది హద్దు 75, పై హద్దు 500 హెర్ట్జ్ నుంచి మొదలుపెట్టి, గాయకుడి స్థాయిని బట్టి దగ్గరకు తేవాలి. లేకపోతే 138 ఉన్నచోట 277 అనో 69 అనో చూపిస్తుంది. రేఖ ఉన్నట్టుండి నిట్టనిలువునా గెంతితే అది గాయకుడి ప్రతిభ కాదు, స్థాయి పొరపాటు.

హెర్ట్జ్‌లు పోల్చడానికి పనికిరావు, షడ్జం గాయకుడి గాయకుడికీ మారుతుంది కాబట్టి. స్వరం పౌనఃపున్యాన్ని షడ్జంతో భాగించి, వచ్చినదానికి 2 ఆధారంగా లాగరిథమ్ తీసి, 1200తో గుణిస్తే సెంట్లు వస్తాయి. షడ్జం 138.6, స్వరం 164 అనుకోండి: 291 సెంట్లు. సమవిభాగ సాధారణ గాంధారం 300కు దగ్గర. ఇంతవరకూ సుఖమే.

ఇప్పుడు తోడి రాగం తీసుకోండి. తోడి గాంధారం ఒకచోట నిలవదు. రిషభం వైపు దిగుతూ మధ్యమం వైపు లేస్తూ ఊగుతుంది. ఆ ఊపు మొత్తానికి సగటు తీస్తే 300 చుట్టుపక్కల ఒక అంకె వస్తుంది. పట్టికలో అది ముచ్చటగా ‘సాధారణ గాంధారం’ అని కూర్చుంటుంది. కానీ గాయకుడు ఆ 300 దగ్గర ఒక్క క్షణం కూడా ఆగి ఉండకపోవచ్చు. సగటు నిజం, స్వరం అబద్ధం. కాబట్టి ఊగే స్వరానికి సగటు రాయకూడదు. కింది అంచు ఎంత, పై అంచు ఎంత, సెకనుకు ఎన్ని ఊపులు, ఏ అంచున ఎక్కువసేపు నిలిచాడు, ఈ నాలుగూ రాయాలి. సగటు పనికొచ్చేది నిలకడగా పట్టిన షడ్జ పంచమాలకూ, పద్యం చివర సాగదీసిన న్యాసస్వరానికీ.

ఇంతా చేశాక కూడా గుర్తుంచుకోవాల్సింది, మన ప్రశ్న సెంట్ల గురించి కాదు, నిలిచే చోట్ల గురించి. దానికి కావలసింది కాలం లెక్క. ప్రతి అక్షరం తీసుకున్న సెకన్లను, గురువుకు రెండు లఘువుకు ఒకటి చొప్పున ఛందస్సు ఇచ్చే వంతుతో పోల్చి, వంతుకు మించి సాగినవాటిని రంగు వేసి చూస్తే యతి దగ్గర గుమిగూడాయా, వాక్యం ముగిసేచోటా అన్నది కంటికే కనబడుతుంది. అడగని ప్రశ్నకు యాభై గ్రాఫులు పెట్టడం ఈమధ్య పెరిగిన జబ్బు. సాఫ్ట్‌వేరు ఇచ్చిందల్లా అతికిస్తే పేజీలు నిండుతాయిగానీ వాదన పెరగదు.

రాత, ఫాంటు, పోలిక శాతం

అధ్యాయాలు ప్రశ్న చుట్టూ కట్టాలి. పద్ధతిని వివరించే అధ్యాయం రెండోది కావాలి, దానికి ముందు పూర్వరచనల సమీక్షతో కలిపి ఒక్క పరిచయం చాలు. సామవేదం మీ ప్రశ్నకు అక్కరలేకపోతే రానివ్వకండి. జీవిత చరిత్రలు అనుబంధంలో, మనిషికి ఒక పేజీ. స్వరలేఖనం మొత్తం కూడా అనుబంధానికే. లోపల చర్చకు కావలసిన పాదాలు మాత్రమే చూపించి, పక్కన రికార్డు సంఖ్య, నిమిషం, సెకను వేయాలి.

మొదటి రోజు నుంచీ యూనికోడ్‌లోనే టైపు చేయండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించి చివర్లో మారిస్తే ఒత్తులు, వట్రసుళ్లు చెదిరిపోతాయి. స్వరాల మీది స్థాయి చుక్కలైతే ఏ అక్షరం మీద పడతాయో చెప్పలేం. చుక్కలు పెట్టిన స్వర పట్టికను ఇంకో కంప్యూటర్లో, ఇంకో ఫాంటులో తెరిచి చూసి, కదిలితే దాన్ని బొమ్మగా మార్చి పెట్టాలి.

2018 యూజీసీ నియమాల ప్రకారం పోలిక 10 శాతం దాకా పట్టింపు లేదు. 10 నుంచి 40 అయితే ఆరునెలల్లోగా సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది దాకా సమర్పించనివ్వరు. 60 దాటితే నమోదే రద్దు. ఆధారం చూపిన ఉద్ధరణలు, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. సంగీత థీసిస్‌లకు దెబ్బ తగిలేది రాగ లక్షణాల దగ్గర. ‘ఇది 28వ మేళమగు హరికాంభోజి జన్యము’ అనే వాక్యం వంద పుస్తకాల్లో అదే వరుసలో ఉంది. మోహన ఆరోహణ అవరోహణలు సంగీతం చదివిన పరీక్షకుడికి చెప్పనక్కరలేదు. మీ గాయకుడి మోహనలో మీకు దొరికిన సంచారాలు రాస్తే పోలికా తగ్గుతుంది, విషయమూ పెరుగుతుంది.

వైవా

పరీక్షకుల్లో ఒకరు తప్పకుండా ‘ఏదీ, పాడి వినిపించండి’ అంటారు. పాడండి, మంచిదే. కానీ అది రుజువు కింద జమ కాదు. మీరు పాడి చూపిన నిలుపు మీది, గాయకుడిది కాదు. వెంటనే మూల రికార్డులో ఆ సెకను దగ్గర నుంచి వినిపించాలి. అందుకని చర్చలో వచ్చే ప్రతి ఉదాహరణనూ పది ఇరవై సెకన్ల ముక్కగా కోసి, పేజీ సంఖ్యతో పేరు పెట్టి, వరసలో ఉంచుకోండి. ‘పే142_గా2_ప3_సారి1’ అన్నట్టు ఉంటే తడుముకోనక్కరలేదు.

శాఖలో ఉండే స్పీకర్లను నమ్ముకోవద్దు. చిన్న లాప్‌టాప్ స్పీకర్లలో మంద్రస్థాయి వినిపించదు, జారు కూడా సరిగా తెలియదు. సొంత స్పీకరు, కేబులు, రెండు పెన్‌డ్రైవుల్లో ఫైళ్లు తీసుకుని ముందురోజు సాయంత్రమే ఆ గదిలో, ఆ కంప్యూటరు మీద అన్నీ ఒకసారి మోగించి చూసుకోండి. వైవా అయ్యాక మూల రికార్డులు ఒక ప్రతి శాఖకు, ఒక ప్రతి పాడినవాళ్ల ఇంటికి చేర్చాలి. మొదట్లో తీసుకున్న అనుమతిలో ఆ మాట కూడా ఉండాలి.